పనివేళల్లోనే మీటింగు

మీటింగులో కూర్చున్న గంటన్నరకు జీతం పడుతుందా, కోత పడుతుందా? ఫ్యాక్టరీ కమిటీలో సభ్యుడిగా ఉండమంటే ఏ కార్మికుడికైనా ముందు తట్టే ప్రశ్న ఇదే. పైకి అడగడు. "నాకెందుకు లెండి సార్, ఇంకెవరినైనా పెట్టండి" అని తప్పుకుంటాడు. ఆ మాట విన్న మేనేజరు "వీళ్లకు ఆసక్తి లేదు" అని తేల్చేసుకుంటాడు. కార్మికుల భాగస్వామ్యం మీద మన దేశంలో సాగిన ఉపన్యాసాలు చాలావరకు చైతన్యం, సహకారం, సామరస్యం వంటి మాటల చుట్టూనే తిరిగాయి. 1957 నాటి కేంద్ర పారిశ్రామిక వివాదాల నిబంధనలు రాసినవాళ్లు మాత్రం పైకి అడగని ఆ ప్రశ్నను విన్నారు. 56వ నిబంధన చూడండి. యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు కలిసి కూర్చునే వర్క్స్ కమిటీ మామూలుగా పనిదినాన, పనివేళల్లోనే కలవాలి. హాజరైన కార్మిక ప్రతినిధి అంతసేపూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క. కూర్చోవడానికి చోటు యాజమాన్యమే ఇవ్వాలి. సమావేశానికి, సభ్యులకు కావలసిన సదుపాయాలూ వాళ్లే చూడాలి.

38 నుంచి 57 దాకా ఉన్న ఈ నిబంధనల గుత్తిని ఎవరూ సరదాకి చదవరు. లేబర్ ఆఫీసులోనో, లా కాలేజీ పరీక్షకు ముందురోజు రాత్రో తప్ప వీటి పుటలు తెరుచుకోవు. కానీ పదిమందిని ఒక బల్ల చుట్టూ చేర్చడం ఎలాగో తెలిసిన చేతులు రాసిన రాత ఇది. కార్మికుణ్ని రమ్మని బతిమాలడం, రాకపోతే నిందించడం ఇందులో కనిపించవు. అతను ఎక్కడెక్కడ జారిపోతాడో ముందే లెక్కవేసి, వడ్రంగి తలుపుచెక్క వంగే చోటు చూసి అడ్డపట్టీ బిగించినట్టు, అక్కడక్కడా ఒక వాక్యం బిగించారు. ఆ పనితనాన్ని దగ్గరగా చూడాలనే ఈ వ్యాసం.

నేపథ్యం క్లుప్తంగా. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో యజమానులు, కార్మికులు కలిసి కూర్చునే ఉమ్మడి మండళ్లు పెట్టాలని జె.హెచ్. విట్లీ కమిటీ సూచించింది. ఆ విట్లీయే తర్వాత భారత కార్మిక పరిస్థితుల మీద వేసిన రాయల్ కమిషన్‌కు అధ్యక్షుడయ్యాడు. 1931లో వచ్చిన దాని నివేదిక ఇక్కడి పరిశ్రమల్లోనూ వర్క్స్ కమిటీలు ఉండాలంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం మూడో సెక్షన్ దాన్ని చట్టంలోకి తెచ్చింది. వందమంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలో కమిటీ వేయమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. అందులో కార్మిక ప్రతినిధుల సంఖ్య యాజమాన్య ప్రతినిధుల కంటే తగ్గకూడదు. బరంపురం నుంచి వచ్చిన మన వి.వి. గిరి 1952 నుంచి 1954 దాకా కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు పట్టుబట్టింది కూడా ఇలాంటి దాని కోసమే. తగువులు ట్రిబ్యునల్ మెట్లెక్కకముందే రెండు పక్షాలూ తమలో తాము మాట్లాడుకుని తేల్చుకోవాలని ఆయన వాదన. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి, 1947 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ నిలిచింది. వర్క్స్ కమిటీ మాత్రం కోడ్‌లో కూడా మూడో సెక్షన్‌లోనే, దాదాపు అవే మాటల్లో, స్థిరపడింది.

చట్టం చెప్పింది అంతే. కమిటీ ఉండాలి, సగం మీవాళ్లు, సగం మావాళ్లు. ఆ సగంలోకి ఎవరు వస్తారన్నదే అసలు చిక్కు. వదిలేస్తే ఎవరొస్తారో అందరికీ తెలుసు. మాట చలాకీగా వచ్చేవాడు, మేనేజరుకు నచ్చినవాడు, యూనియన్ కార్యదర్శి, లేదా ఆయన బావమరిది. ప్రతిసారీ అవే ముఖాలు. అందుకే 39వ నిబంధన సంఖ్య దగ్గర మొదలుపెడుతుంది. మొత్తం సభ్యులు ఇరవై దాటకూడదు. ఆ ఇరవై లోపలి సంఖ్యను రకరకాల కార్మిక వర్గాలకూ, సెక్షన్లకూ, షాపులకూ, డిపార్ట్‌మెంట్లకూ చోటు దొరికేలా నిర్ణయించాలి. తల లెక్కకు ముందు ఫ్యాక్టరీ పటం గీసుకోమని చెబుతోంది ఈ వాక్యం. స్పిన్నింగులో వందలమంది ఉండవచ్చు, బాయిలర్ దగ్గర ఎనిమిదిమందే ఉండవచ్చు. బాయిలర్ దగ్గరి బాధ మాత్రం స్పిన్నింగువాళ్లకు తెలియదు. యాజమాన్యం తరఫున వచ్చేవాళ్ల విషయంలోనూ ఇదే చూపు కనిపిస్తుంది. నామినేట్ చేసేది యజమానే అయినా, వీలైనంతవరకు సంస్థ పనితో నేరుగా సంబంధమున్న అధికారులై ఉండాలట. హెడ్డాఫీసులో ఉండే పెద్దమనిషి వచ్చి "చూద్దాం" అని వెళ్లిపోయే మీటింగులు చూసినవాళ్లకు ఈ షరతు విలువ తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది 41, 42 నిబంధనల జోడీ. కమిటీ వేసే ముందు యజమాని రిజిస్టర్డ్ యూనియన్‌ను రెండు సంగతులు అడగాలి. మా కార్మికుల్లో మీ సభ్యులెంతమంది? వాళ్లు ఏయే సెక్షన్లలో ఎలా ఉన్నారు? జవాబును బట్టి ఎన్నిక రెండు గుంపులుగా జరుగుతుంది. యూనియన్ సభ్యులు తమ ప్రతినిధులను ఎన్నుకుంటారు, సభ్యులు కానివాళ్లు తమవాళ్లను ఎన్నుకుంటారు. సీట్లు ఆ రెండు గుంపుల బలం ప్రకారం. ఆరువందలమందిలో రెండువందలమంది యూనియన్‌లో ఉంటే, ఆరు సీట్లలో రెండు వాళ్లవి, నాలుగు బయటివాళ్లవి. ఏదైనా ఒక యూనియన్‌కు సగం కంటే ఎక్కువమంది సభ్యులుంటే మాత్రం ఈ విభజన ఉండదు, అందరూ కలిసే ఓటేస్తారు. యూనియన్‌లో లేనివాడు నోరులేనివాడు కాకూడదన్న పట్టుదల ఒకవైపు, మెజారిటీ యూనియన్‌ను చీల్చే సాధనంగా కమిటీ మారకూడదన్న జాగ్రత్త మరోవైపు. రెండూ ఒకే నిబంధనలో ఇమిడాయి.

యూనియన్ జవాబివ్వకపోతే? నోటీసిచ్చిన నెలలోపు సమాచారం రాకపోతే, ఈ ఎన్నిక మటుకు ఆ యూనియన్ లేనట్టే భావించాలంది నిబంధన. ఇంత కరకుగా, ఇంత ముక్తసరిగా రాసిన మాట మన చట్టాల్లో అరుదు. యూనియన్ చెప్పిన లెక్క అబద్ధమని యజమానికి అనుమానం వస్తే తనే కొట్టేయడానికి వీల్లేదు. యూనియన్‌కు చెప్పి, కేంద్ర అసిస్టెంట్ లేబర్ కమిషనర్‌కు నివేదించాలి. ఆయన తీర్పే చివరిది. దాచేవాడికీ, తోసిపుచ్చేవాడికీ, ఇద్దరికీ కళ్లెం పడింది.

అభ్యర్థికి పందొమ్మిదేళ్ల వయసు, ఏడాది సర్వీసు ఉంటే చాలు. ఓటరుకు పద్దెనిమిదేళ్లు, ఆరు నెలలు. నామినేషన్ కాగితం మీద తన గుంపులోనివాళ్లో, సెక్షన్‌లోనివాళ్లో మరో ఇద్దరు ఓటర్లు సంతకం చేస్తే సరి. చదువు అర్హత ఊసే లేదు. 1957లో దేశంలో ఓటు హక్కు ఇరవై ఒక్క ఏళ్లకు గానీ వచ్చేది కాదని గుర్తు తెచ్చుకుంటే ఈ మాటల బరువు ఇంకా పెరుగుతుంది. అసెంబ్లీకి ఓటేయలేని కుర్రవాడు తన మిల్లులో కమిటీకి ఓటేయగలడు, పోటీ కూడా చేయగలడు. పోలింగు తేదీని, నామినేషన్ల గడువును కనీసం ఏడు రోజుల ముందు ప్రకటించి నోటీసు బోర్డు మీద అంటించాలి. సెలవు మీద ఊరెళ్లినవాడూ, రాత్రి షిఫ్టువాడూ వచ్చి చూసుకునేంత వ్యవధి అది. గడువు ముగిశాక మూడు రోజులకు తక్కువ కాకుండా, పదిహేను రోజులు దాటకుండా పోలింగు. ప్రచారం చేసుకోవచ్చు, కక్షలు పెంచుకునేంత తీరిక మాత్రం ఉండదు.

ఇక పదవుల సంగతి. అధ్యక్షుణ్ని యజమానే తనవాళ్లలోంచి నామినేట్ చేస్తాడు, వీలైనంతవరకు సంస్థ అధిపతినే. ఉపాధ్యక్షుణ్ని కార్మిక ప్రతినిధులు తమలోంచి ఎన్నుకుంటారు. కార్యదర్శి ఒక పక్షం వాడైతే సహ కార్యదర్శి రెండో పక్షం వాడై ఉండాలి. ఆ పదవి ఏ పక్షం దగ్గరా వరసగా రెండేళ్లు ఉండకూడదు. అధ్యక్ష పీఠం కదలదు గానీ మినిట్స్ రాసే కలం ఏటా చేయి మారుతుంది. మీటింగులు నడిపినవాళ్లకు తెలుసు, ఏమన్నామన్నది కంటే ఏం రాశారన్నదే మిగులుతుంది. కార్మికుడు కార్యదర్శి అయిన ఏడాది ఎజెండా అతని చేతి మీదుగా వెళ్తుంది. అధ్యక్షుడు సరేనంటే కమిటీ పని గురించిన నోటీసును ఫ్యాక్టరీ బోర్డు మీద అతనే పెట్టించగలడు. మూడు నెలలకు ఒక్కసారైనా కలవాలి. కమిటీ దగ్గర సెలవు తీసుకోకుండా వరసగా మూడు మీటింగులకు డుమ్మా కొడితే సభ్యత్వం పోతుంది. రెండేళ్లకు కమిటీ గడువు తీరుతుంది. ఆరు నెలలకోసారి జి-1 ఫారంలో కమిటీ నడక గురించి నివేదిక, తర్వాతి నెల 20వ తేదీలోపు, కేంద్ర కార్మిక శాఖ అధికారికి చేరాలి.

సింగరేణి గనులు, విశాఖ రేవు, బ్యాంకులు, రైల్వే వంటివి కేంద్రం పరిధిలోవి కాబట్టి వాటికి వర్తించినవి ఈ నిబంధనలే. మిగతా ఫ్యాక్టరీలకు 1958 నాటి ఆంధ్రప్రదేశ్ నిబంధనలు ఉండేవి.

సింగరేణి మాట వచ్చింది కనుక పక్కకు తిరిగి 1955 గనుల నిబంధనల్లో తర్వాత చేరిన ఒక చిన్న అధ్యాయాన్ని కూడా చూడాలి. అయిదువందలమంది, అంతకు మించి పనిచేసే గనిలో యూనియన్‌తో సంప్రదించి ముగ్గురు కార్మిక ఇన్‌స్పెక్టర్లను నియమించాలి. తవ్వకానికి ఒకరు, యంత్రాలకు ఒకరు, కరెంటుకు ఒకరు. వీళ్లు బొగ్గుబాయిలోకి దిగి పనిస్థలాలు, దారులు, యంత్రాలు చూసి, కనిపించిన లోపాలను పుట సంఖ్యలు వేసి కుట్టిన పుస్తకంలో రాసి సంతకం చేయాలి. ఏం చర్య తీసుకున్నదీ మేనేజరు అందులోనే రాయాలి. విడి కాగితమైతే చిరిగిపోతుంది, పోయిందంటారు. కుట్టిన పుస్తకంలో పుట చింపితే సంఖ్య తప్పుతుంది. ఇక వందమంది దాటిన ప్రతి గనిలో రక్షణ కమిటీ ఉండాలి. మేనేజరు అధ్యక్షుడు, ఆయన ఎంచిన అధికారులు అయిదుగురు, కార్మికులు పంపిన కార్మికులు అయిదుగురు, వీళ్లతోపాటు కార్మిక ఇన్‌స్పెక్టరు. వర్క్స్ కమిటీ మూడు నెలలకు కలిస్తే ఇది నెలకోసారి కలవాలి. కప్పు కూలే చోట మూడు నెలలు ఆగలేరు కదా.

ఇంత పొందిక ఉన్నా వర్క్స్ కమిటీలు చాలాచోట్ల ఎందుకు నీరసించాయి? తప్పంతా అమలుదే అనడం సులువు. నిబంధనల్లోనే కొన్ని పగుళ్లున్నాయి. సెక్షన్లవారీగా ఓటర్లను విడగొట్టే పనిని 43వ నిబంధన యజమాని ఇష్టానికి వదిలింది. అలా విడగొట్టని చోట పెద్ద సెక్షన్ ఓట్లలో చిన్న సెక్షన్ మునిగిపోతుంది. 39వ నిబంధన గీయమన్న పటాన్ని 43 చెరిపేయనిస్తుంది. కమిటీని రద్దు చేసే 57వ నిబంధనది మరో వంకర. కార్మిక ప్రతినిధుల్లో మూడింట రెండొంతులమంది సరైన కారణం లేకుండా వరసగా మూడు మీటింగులకు రాకపోతే కమిటీని రద్దు చేయవచ్చట. యాజమాన్య ప్రతినిధులు రాకపోతే ఏమిటన్నది అలా విడిగా చెప్పలేదు. రాసిన చేతి మొగ్గు ఇక్కడ బయటపడింది.

ఏం మాట్లాడవచ్చన్నదానిపైనా గిరి గీశారు. 1959లో భారత కార్మిక సదస్సు తరఫున తయారైన జాబితాలో గాలి, వెలుతురు, పారిశుధ్యం, తాగునీరు, క్యాంటీను, ప్రమాదాల నివారణ వంటివి వర్క్స్ కమిటీకి ఇచ్చారు. జీతభత్యాలు, బోనస్, పనిభారం నిర్ణయం వంటివి ఇవ్వలేదు. మరుసటి ఏడాది నార్త్ బ్రూక్ జూట్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఇదే గీతను గట్టిపరిచింది. ఆ మిల్లులో పని క్రమబద్ధీకరణ పథకానికి వర్క్స్ కమిటీలోని కార్మిక ప్రతినిధులు ఒప్పుకున్నారు, కార్మికులు ఒప్పుకోలేదు. కమిటీ ఒప్పుకుంటే కార్మికులు కట్టుబడాల్సిన పనిలేదనీ, యూనియన్ చోటును కమిటీ ఆక్రమించలేదనీ కోర్టు చెప్పింది. కమిటీ స్థాయి తగ్గించారని కొందరు దీన్ని తప్పుపట్టారు. నా ఉద్దేశంలో ఆ తీర్పు కమిటీని కాపాడింది. నలుగురు ప్రతినిధులను బుజ్జగించి వేలమంది పనిభారం పెంచుకునే దారి తెరిచి ఉంటే, ఆ తర్వాత మర్యాదస్తుడెవడూ కమిటీలో కూర్చోడు.

వీటిని దాటి ముందుకెళ్లిన చోటూ ఉంది. జంషెడ్‌పూర్‌లో టాటా ఉక్కు కంపెనీ, అక్కడి వర్కర్స్ యూనియన్ 1956లో ఒప్పందం చేసుకుని మూడంతస్తుల ఉమ్మడి మండళ్లు కట్టుకున్నాయి. అడుగున డిపార్ట్‌మెంట్ స్థాయి, మధ్యలో వర్క్స్ స్థాయి, పైన యాజమాన్య సంప్రదింపుల మండలి. అడుగు అంతస్తు బలంగా ఉండటమే దాని అందం. పైన ఒకే ఒక కమిటీ ఉంటే ఇరవైమందికి చోటు, డిపార్ట్‌మెంట్‌కొకటి ఉంటే వందలమందికి.

1957 నిబంధనల్లో పూర్తిగా కనిపించనిది స్త్రీ. కార్మిక వర్గాలన్నారు, గుంపులన్నారు, షాపులన్నారు, ఆడవాళ్లన్న మాట మాత్రం రాలేదు. పొగాకు గోడౌన్లలో, జీడిపప్పు ఫ్యాక్టరీల్లో, నూలు మిల్లుల్లో పనిచేసిందెవరో నిబంధనకారులకు తెలియదనుకోలేం. చాలాకాలానికి, 1997లో, విశాఖ కేసు తీర్పుతో సుప్రీంకోర్టు పనిచోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీని తెచ్చింది. మన విశాఖపట్నానికి ఆ కేసుతో సంబంధం లేదు, అది రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. 2013 చట్టం దాన్ని అంతర్గత కమిటీగా స్థిరపరిచింది. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ ఉద్యోగిని, సభ్యుల్లో కనీసం సగం స్త్రీలు, ఒకరు బయటివారు. వర్క్స్ కమిటీలో కదలని అధ్యక్ష పీఠాన్ని కదిపిన రాత ఇది. అయితే ఇందులో సభ్యుల ఎన్నిక లేదు, యజమానే నామినేట్ చేస్తాడు. 1957 నాటి మెలకువలు ఇక్కడ అరువు తెచ్చుకుని ఉంటే బాగుండేది.

కార్మికుల ఫిర్యాదులు తేల్చే గ్రీవెన్స్ కమిటీది ఇంకా చక్కటి అల్లిక. 1947 చట్టానికి 2010లో వచ్చిన సవరణ ఇరవైమంది, అంతకు మించి ఉన్న సంస్థల్లో ఆరుగురికి మించని కమిటీ తెచ్చి, వీలైనంతవరకు స్త్రీకి చోటివ్వమంది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ నాలుగో సెక్షన్ దాన్ని పదిమంది దాకా పెంచింది. సంస్థలో స్త్రీలు ఎంత పాలు ఉన్నారో కమిటీలో అంతకు తగ్గకూడదంది. అధ్యక్ష స్థానం ఏడాదికోసారి రెండు పక్షాల మధ్యా మారాలంది. అసలు నేర్పంతా నిర్ణయం చేసే పద్ధతిలో ఉంది. మెజారిటీ చాలదు, కార్మిక సభ్యుల్లో సగానికి మించి ఒప్పుకోవాలి. లేకపోతే కమిటీ ఏ నిర్ణయానికీ రానట్టే. అయిదుగురు, అయిదుగురు ఉన్న కమిటీలో యాజమాన్యం అయిదు ఓట్లూ వేసి, ఒక కార్మికుణ్ని తిప్పుకుంటే ఆరు అవుతాయి. మామూలు లెక్కలో గెలుపే. ఈ సెక్షన్ లెక్కలో అది చెల్లదు, కనీసం ముగ్గురు కార్మికులు కావాలి. ఒక్కణ్ని లొంగదీసుకునే ప్రయత్నానికే ఇక విలువ లేదు. ఆ ఒక్కడు మీటింగు అయ్యాక తోటివాళ్లలోకి తల ఎత్తుకుని వెళ్లగలడు.

మిగిలింది కాంట్రాక్టు కార్మికుడు. లోడింగ్, హౌస్‌కీపింగ్, క్యాంటీన్, ప్యాకింగ్ వంటి పనులు చాలాచోట్ల ఇప్పుడు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. మస్టర్ మీద వాళ్లు కాంట్రాక్టరు మనుషులు కాబట్టి వర్క్స్ కమిటీ ఓటర్ల జాబితాలో వాళ్ల పేర్లు వేయరు. తాగునీరు, మరుగుదొడ్లు, ప్రమాదాలు వంటి కమిటీ విషయాలు మాత్రం అందరికంటే ముందు వాళ్లకే తగులుతాయి. ఇక్కడ 54వ నిబంధన పనికొస్తుంది. చర్చలో ఉన్న విషయం మీద ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న, ఆ సంస్థలో పనిచేసే వ్యక్తిని సలహాదారుగా కమిటీ పిలుచుకోవచ్చు. ఓటు ఉండదు, ఆ విషయం ముగిసేదాకానే కూర్చుంటాడు. ఇంజనీరునో డాక్టరునో పిలవడానికి రాసిన వాక్యమని చాలామంది అనుకుంటారు. నిబంధన చదువును అడగలేదు, విషయం తెలిసి ఉండటమే అడిగింది. లోడింగ్ యార్డులో నీళ్ల కుళాయి ఎక్కడ ఉండాలో చర్చకు వచ్చినప్పుడు ఆ ప్రత్యేక పరిజ్ఞానం ఎవరిదో వేరే చెప్పాలా? అందుకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, కాంట్రాక్టరు చేసే సంతకమూ అక్కర్లేదు. కమిటీలో రెండు పక్షాలూ ఒకమాట మీద ఉంటే వచ్చే మీటింగు నోటీసులోనే అతని పేరు చేర్చవచ్చు.